"పువ్వు పుట్టగానే పరిమళిస్తుంది": ఎవరిని అనాలి, ఎప్పుడు అనాలి?

అల్లెగెనీ ఒడ్డు:
అందరికీ నమస్కారం. మేం ఉండేది పిట్స్‌బర్గ్‌లో. ఇక్కడి తెలుగువాళ్ల చిన్న పత్రికకి బేస్‌బాల్ మీద వ్యాసం రాస్తున్నాను. 2023 డ్రాఫ్ట్‌లో మా పైరేట్స్ జట్టు మొదటి వంతుకు ఎవరిని తీసుకోవాలని ఊరంతా వాదించుకున్న కథ అది. నా మొదటి వాక్యం: "పువ్వు పుట్టగానే పరిమళిస్తుందన్నట్టు, పాల్ స్కీన్స్ సంగతి పైరేట్స్ ముందే పసిగట్టారు." సంపాదకురాలు సామెతని కొట్టేసి, పక్కన "ఇక్కడ అతకదు" అని రాశారు. ఎందుకండీ అంటే "మీరే ఆలోచించండి" అన్నారు. గొప్పవాళ్ల గొప్పతనం మొదట్లోనే తెలిసిపోతుందనేగా దీని అర్థం? మరెందుకు అతకదు?

ఆట తెలియనివారికి రెండు ముక్కలు. డ్రాఫ్ట్ అంటే ఐపీఎల్ వేలం లాంటిది కాదు, ధర పాడుకోవడం ఉండదు. హైస్కూలు, కాలేజీ కుర్రాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకుంటాయి. బాగా ఓడిన జట్టుకు ముందు వంతు వచ్చే పద్ధతి 1965 నుంచీ ఉంది. కావాలని ఓడే జట్లు ఎక్కువవడంతో 2023 నుంచి మొదటి వంతులకి లాటరీ పెట్టారు. ఆ తొలి లాటరీ మాకే తగిలింది. అప్పుడు వినిపించిన పేర్లు ఐదు. ఎల్‌ఎస్‌యూ (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) నుంచి ఇద్దరు: పిచర్ (బ్యాటర్‌కి బంతి విసిరేవాడు) పాల్ స్కీన్స్, ఔట్‌ఫీల్డర్ (మైదానం చివర్లో ఫీల్డింగ్ చేసే బ్యాటర్) డిలన్ క్రూస్. ఫ్లోరిడా కాలేజీ నుంచి వయట్ లాంగ్‌ఫర్డ్. ఇక మ్యాక్స్ క్లార్క్, వాకర్ జెంకిన్స్ అని హైస్కూలు పిల్లలిద్దరు. మావాళ్లు చివరికి తీసుకున్నది స్కీన్స్‌నే.

తెనాలి బడిపంతులు:
ఆట సంగతి నాకు తెలియదు బాబూ, సామెత వరకే చెబుతాను. మనకు పువ్వు పుట్టదు. పూస్తుంది, విచ్చుకుంటుంది, అంతకుముందు మొగ్గ తొడుగుతుంది. పువ్వుకి 'పుట్టు' వాడింది ఒకటి మనిషి పుట్టుకను లోపల పెట్టుకోవడానికి, రెండు 'ప' మీద 'ప' పడి మాట నాలుక మీద ఆడడానికి. ఇక ఆ 'గానే' చూడండి. రాగానే, తినగానే, వినగానే. రెండు పనుల మధ్య వ్యవధి లేదని చెప్పడానికే అది ఉంది. అంటే సామెత బలమంతా పువ్వులో లేదు, పరిమళంలో లేదు, 'గానే'లో ఉంది. మీ కుర్రాడు ఏ వయసులో పరిమళించాడు? ముందు అది చెప్పండి.

అల్లెగెనీ ఒడ్డు:
డ్రాఫ్ట్ నాటికి 21 ఏళ్లు మాస్టారూ.

ఓరుగల్లు:
అన్నా, 21 కాదు, అంతకుముందు సంగతి చెప్పు. 2020లో హైస్కూలు అయిపోయినప్పుడు స్కీన్స్‌ను ఏ జట్టూ తీసుకోలేదు. పైలట్ అవుదామని ఎయిర్ ఫోర్స్ అకాడమీలో చేరాడు. అక్కడ ప్రధానంగా క్యాచర్ (బ్యాటర్ వెనక కూర్చుని బంతి పట్టేవాడు), పిచింగ్ కూడా చేసేవాడు. 2022లో ఎల్‌ఎస్‌యూకి మారి, పిచింగ్ మీదే పడ్డాకే కదా పేరొచ్చింది! ఒక్క సీజన్‌లో 209 స్ట్రయికౌట్లు, అంటే బంతి విసిరే బలంతోనే బ్యాటర్లను ఔట్ చేయడం. ఆ కాలేజీలోనే బెన్ మెక్‌డానల్డ్ 1989లో పెట్టిన 202 రికార్డు పోయింది. బంతి గంటకు 100 మైళ్లు. ఆ ఏడాది కాలేజీ వరల్డ్ సిరీస్‌లో అత్యుత్తమ ఆటగాడు కూడా అతనే. 2023 ఫిబ్రవరిలో అడిగితే మొదటి వంతు క్రూస్‌దే అనేవాళ్లు ఎక్కువ. జూన్ వచ్చేసరికి మాట మారింది.

నిజంగా 'పుట్టగానే' లెక్క చూస్తే సామెత క్రూస్‌కి అతుకుతుంది. హైస్కూలు నాడే పేరున్నోడు. 2020 డ్రాఫ్ట్ నుంచి తనే పేరు వెనక్కి తీసుకుని కాలేజీకి పోయాడు. 2023లో బ్యాటింగ్ సగటు .426, అంటే పది ప్రయత్నాల్లో నాలుగుకు పైగా హిట్లు. ఆడిన 71 ఆటల్లో ఒక్కదాంట్ల కూడా బేస్ మీదికి చేరకుండా ఉండలేదు. అమెచ్యూర్ ఆటగాళ్లలో మేటికిచ్చే గోల్డెన్ స్పైక్స్ అవార్డూ అతనికే. అంటే నువ్వు రాసిన సామెత, మీవాళ్లు వద్దనుకున్నోడిది!

తెనాలి బడిపంతులు:
చూశారా. మీ సంపాదకురాలికి ఆటా తెలుసు, భాషా తెలుసు.

మంచుదేశం:
నేనుండేది సెయింట్ పాల్‌లో. క్రూస్‌ను వద్దన్నారనడం పూర్తిగా న్యాయం కాదండీ. అసలు వాదన మనిషి గురించి కాదు, పిచర్‌కి మొదటి వంతు పెట్టొచ్చా అని. స్టార్టింగ్ పిచర్ ఐదు రోజులకొకసారి ఆడతాడు, బ్యాటర్ రోజూ ఆడతాడు. పైగా పిచర్ చెయ్యి ఎప్పుడు పోతుందో ఎవరూ చెప్పలేరు. మా ఊళ్లో 2001లో ఇదే గొడవ. మొదటి వంతు మా ట్విన్స్ జట్టుది. అందరి నోటా సదరన్ కాల్ పిచర్ మార్క్ ప్రయర్ పేరే. ట్విన్స్ మాత్రం మా ఊరి హైస్కూలు క్యాచర్ జో మావర్‌ను తీసుకున్నారు. "డబ్బుకి వెనకాడారు, సొంతూరి కుర్రాడని సరిపెట్టుకున్నారు" అని తిట్టనివాళ్లు లేరు. ప్రయర్ 2003లో 18 ఆటలు గెలిచి, తర్వాత దెబ్బ మీద దెబ్బ తగిలి 2006తో మేజర్ లీగ్‌కు (అన్నిటికన్నా పై స్థాయి లీగ్) దూరమయ్యాడు. మావర్ మూడు బ్యాటింగ్ టైటిళ్లు, 2009 ఎంవీపీ (లీగ్‌లో ఆ ఏటి మేటి ఆటగాడి అవార్డు) సాధించి 2024లో హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి (ఆటలోని మహామహుల గౌరవ జాబితా) వెళ్లాడు.

దీనికి మనకున్న సామెత "పెరటి చెట్టు మందుకు పనికిరాదు". ట్విన్స్ సామెతకి ఎదురెళ్లి గెలిచారు.

ఓరుగల్లు:
సామెతకి ఎదురెళ్లలేదు. పెరటి చెట్టును తక్కువ చేసేవాళ్ల బుద్ధిని ఎత్తిపొడవడానికే ఆ సామెత ఉంది. అంటే సామెత వాళ్ల పక్షమే.

మంచుదేశం:
మా అమ్మమ్మ దాన్ని నిజంగానే మందు చెట్టు గురించి అనేది!

డల్లాస్ దాకా:
పిచర్ల మాట వచ్చింది కాబట్టి మా రేంజర్స్ జట్టు సంగతి. కుమార్ రాకర్ పేరు విన్నారా? అమ్మ భారతీయ మూలాలున్నావిడ, నాన్న అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు, కోచ్. 2019లో కాలేజీ మొదటి ఏడాదే డ్యూక్ కాలేజీ జట్టు మీద ఒక్క హిట్ కూడా ఇవ్వకుండా 19 మందిని స్ట్రయికౌట్ చేశాడు. పరిమళం దేశమంతా వ్యాపించింది. 2021లో పదో వంతుకు మెట్స్ జట్టు తీసుకుని, వైద్య పరీక్షల తర్వాత ఒప్పందం చేసుకోకుండా వదిలేశారు. మరుసటి ఏడాది మూడో వంతుకే రేంజర్స్ తీసుకున్నారు. దీనికేం సామెత?

ఓరుగల్లు:
చెప్పులు కొనేటప్పుడు మనం కూడా వేసి చూసుకుంటాం కదా. అందులో సామెత ఎందుకు?

తెనాలి బడిపంతులు:
ఇంకో మాట గమనించండి. ఈ సామెతని మనం ఎప్పుడంటాం? ఒకడు గొప్పవాడయ్యాక, వాడి చిన్నతనం తవ్వుతూ అంటాం. కలెక్టరైనవాడి మేనత్త అంటుంది, వాడు మూడో ఏటే ఎక్కాలు చెప్పేవాడు, పువ్వు పుట్టగానే పరిమళిస్తుందని ఊరికే అన్నారా అని. అదే మూడో ఏట ఎక్కాలు చెప్పిన మిగతా పిల్లల గురించి ఏ మేనత్తా మాట్లాడదు. కనుక ఇది జోస్యం కాదు, జరిగిపోయిన దానికి వేసే ముద్ర. ఎంపిక చేసే రోజున ఇది ఎవరికీ అక్కరకు రాదు.

గోదారి గట్టు:
మాస్టారితో సగమే ఒప్పుకుంటాను. ఆరేళ్ల పిల్ల త్యాగరాజ ఆరాధనలో పాడితే అప్పటికప్పుడే అంటారు కదండీ "పువ్వు పుట్టగానే..." అని? అది ముందుచూపే.

తెనాలి బడిపంతులు:
అది దీవెన అమ్మా. ఆ మాట నమ్మి ఎవరూ ఇల్లు తాకట్టు పెట్టరు. స్కీన్స్‌కి మీ పైరేట్స్ ఎంతిచ్చారో చెప్పండి ఈవిడకి.

అల్లెగెనీ ఒడ్డు:
ఒప్పందం మీద సంతకానికే 92 లక్షల డాలర్లు, అప్పటికి అదే రికార్డు. రెండో వంతుకు క్రూస్‌ను తీసుకున్న వాషింగ్టన్ నేషనల్స్ 90 లక్షలిచ్చారు. ఒకే కాలేజీ జట్టు నుంచి మొదటి రెండు వంతులకీ వెళ్లడం అదే మొదటిసారి.

ఓరుగల్లు:
మాస్టారి మాటకు బేస్‌బాల్‌లో గట్టి సాక్ష్యమే ఉంది. 2016లో హాల్ ఆఫ్ ఫేమ్ వేదిక మీద ఇద్దరు. ఒకడు కెన్ గ్రిఫీ జూనియర్. 1987లో మొదటి వంతు, 17 ఏళ్లు, తండ్రి అప్పటికే మేజర్ లీగ్ ఆటగాడు. సామెత కొలతలకి కుట్టించినట్టున్నోడు. అయినా మారినర్స్ జట్టు యజమాని మనసు కాలేజీ పిచర్ మైక్ హార్కీ మీదుంది. స్కౌట్లు (ఊరూరా తిరిగి కుర్రాళ్లను వెతికే జట్టు మనుషులు) పట్టుపట్టబట్టి గ్రిఫీ వచ్చాడు. మొదటి వంతుకు వచ్చి హాల్ ఆఫ్ ఫేమ్‌కి చేరిన మొదటి మనిషి అతనే. రెండోవాడు మైక్ పియాజా. 1988లో 62వ రౌండ్, 1,390వ పేరు. వాళ్ల నాన్నకి డాడ్జర్స్ మేనేజర్ టామీ లసోర్డా స్నేహితుడు కాబట్టి మొహమాటానికి తీసుకున్నారు. అంత కింద నుంచి హాల్ ఆఫ్ ఫేమ్‌కి వచ్చినోడు మరొకడు లేడు. ఇద్దరూ ఒకే రోజు, ఒకే వేదిక. పియాజాకి 'గానే' ఎక్కడ పెడతారు?

మొదటి వంతు వచ్చీ మేజర్ లీగ్ చూడనోళ్లున్నారు. 1966లో మెట్స్ స్టీవ్ చిల్కాట్ అనే క్యాచర్‌ను తీసుకుంటే, రెండో వంతులో వెళ్లినోడు రెజీ జాక్సన్. 1991లో యాంకీస్ తీసుకున్న బ్రయన్ టేలర్ భుజం పోగొట్టుకున్నాడు. అంతటితో సరి.

గోదారి గట్టు:
అయితే ఎంపికకి ముందు రోజుకి పనికొచ్చే సామెతలే లేవా మనకి? "దూరపు కొండలు నునుపు" ఉందిగా. మీ హైస్కూలు పిల్లలిద్దరికీ అది బాగుంటుందనిపిస్తోంది. కాలేజీ వాళ్లు గట్టి పోటీలో మూడేళ్లు ఆడారు కాబట్టి వాళ్ల లోపాలు కళ్ల ముందున్నాయి. హైస్కూలు పిల్లల లోపాలు ఇంకా బయటపడలేదు. నునుపుగానే కనిపిస్తారు.

మంచుదేశం:
బాగుందండీ. ఆ జెంకిన్స్ ఐదో వంతులో మాకే వచ్చాడు. క్లార్క్ మూడో వంతులో డెట్రాయిట్‌కి.

డల్లాస్ దాకా:
నాలుగో వంతు లాంగ్‌ఫర్డ్ మాకు. ఫ్లోరిడాలో మొదటి ఏడాది దాదాపు బెంచి మీదే కూర్చున్నాడు. అతనికీ 'పుట్టగానే' అనలేం.

ఓరుగల్లు:
హైస్కూలు పిల్లల మీద మొదటి వంతు పెట్టేవాళ్లకి "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం".

గోదారి గట్టు:
మరీ అంత వద్దండీ. గ్రిఫీ హైస్కూలే, మావర్ హైస్కూలే అని మీరే చెప్పారు.

ఓరుగల్లు:
నిజమే. సోమలింగం ఇద్దరికి పుట్టాడు.

మంచుదేశం:
నాకు మాత్రం అసలు ప్రశ్న పువ్వుది కాదనిపిస్తోంది. 2009 డ్రాఫ్ట్‌లో ఏంజెల్స్‌కి 24, 25 వంతులు పక్కపక్కనే వచ్చాయి. 24కి ర్యాండల్ గ్రిచక్‌ను తీసుకుని, 25కి మైక్ ట్రౌట్‌ను తీసుకున్నారు. గ్రిచక్ కూడా మేజర్ లీగ్‌లో ఏళ్ల తరబడి ఆడాడు, తక్కువవాడేమీ కాదు. కానీ ట్రౌట్ మూడుసార్లు ఎంవీపీ. అతను వచ్చింది న్యూజెర్సీలోని మిల్‌విల్ నుంచి. చలి ప్రాంతం, ఆటలు తక్కువ, కాలిఫోర్నియా కుర్రాళ్లను చూసినన్నిసార్లు స్కౌట్లు అక్కడి కుర్రాణ్ని చూడలేరు. పరిమళం ఉంది, దగ్గరగా వెళ్లిన ముక్కులు తక్కువ. సామెత పువ్వు గురించే చెప్పి ముక్కుని వదిలేసింది.

తెనాలి బడిపంతులు:
ముక్కుని సామెత వదిలేసినా మన భాష వదల్లేదు. మొదటాయన వాక్యం మళ్లీ చదవండి. సామెత అయిపోయాక ఏమన్నారు? "పసిగట్టారు". ఈ 'పసి' పసిపిల్లలోని పసి కాదు. ఇక్కడ పసి అంటే వాసన. పసిగట్టడం అంటే వాసన పట్టడం, వేటకుక్క చేసే పని. ఇప్పుడు ఆ అర్థం మరిచిపోయి 'గ్రహించడం' అన్నంత మామూలుగా వాడేస్తున్నాం. మీరు స్కౌటు అంటున్న ఉద్యోగం సరిగ్గా అదేననుకుంటాను. ఒకే వాక్యంలో రెండుసార్లు వాసన ఎందుకు? రెండోది చాలు. సంపాదకురాలు సామెతని కొట్టేసి క్రియని ఉంచారంటే కారణం బహుశా అదే.

అల్లెగెనీ ఒడ్డు:
ఇది నాకు తట్టనే లేదు మాస్టారూ. "పాల్ స్కీన్స్ సంగతి పైరేట్స్ ముందే పసిగట్టారు." ఇంతే పంపిస్తాను. ఆ పసిగట్టింది వృథా కూడా పోలేదు. 2024 మే నెలలో మొదటి మేజర్ లీగ్ ఆట, 11 ఆటలు అయ్యేసరికి ఆల్‌స్టార్ గేమ్‌లో (మేటి ఆటగాళ్ల మధ్య జరిగే ఆట) స్టార్టింగ్ పిచర్. ఆ ఏడాది నేషనల్ లీగ్‌లో ఉత్తమ కొత్త ఆటగాడు, 2025లో ఉత్తమ పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డు. బ్యాటర్‌ను తీసుకోవాల్సిందని అప్పట్లో రోజూ నాతో గొడవపడిన పక్కింటాయన ఇప్పుడు స్కీన్స్ జెర్సీ వేసుకుని తిరుగుతున్నాడు.

ఓరుగల్లు:
'ముందే' తీసెయ్ అన్నా. 2023 జూలై నాటికి అది ఊరందరికీ తెలిసిన సంగతే. ముందే పసిగట్టింది ఎల్‌ఎస్‌యూ వాళ్లు, ఎయిర్ ఫోర్స్ నుంచి తెచ్చుకున్నప్పుడు.

అల్లెగెనీ ఒడ్డు:
'ముందే' తీసేస్తే వాక్యంలో ఇంకేం మిగిలింది తమ్ముడూ?

ఓరుగల్లు:
స్కీన్స్ మిగిలాడు కదా. క్రూస్‌ను తీసుకుంటే అతనూ మిగిలేవాడు కాదు.