ఎట్రస్కన్ ష్రూ: చిట్టెలుక అనాలా, చుంచు అనాలా?

పిల్లల పత్రిక కోసం చిన్న వ్యాసం రాస్తున్నాను. బరువులో క్షీరదాలన్నిటికన్నా చిన్నది ఎట్రస్కన్ ష్రూ, తూకం రెండు గ్రాములకు అటూ ఇటూ. ‘చిట్టెలుక’ అని రాసేస్తే తప్పా?

— తప్పేనండీ, అది ఎలుక కాదు. చుంచు అనండి.

— మా వైపు చుంచు అంటే బియ్యం డబ్బాల చుట్టూ తిరిగే చిన్న ఎలుకే మాస్టారూ. కంపు కొట్టేదాన్ని కూడా చుంచనే అంటారు. ఇక పిల్లలకేం అర్థమవుతుంది?

— చిక్కంతా అక్కడే ఉంది. మాట ఒకటే గానీ జీవులు రెండు. ఆ కంపు కొట్టేదే అసలు చుంచు. రాత్రి వంటింట్లో లైటు వేసినప్పుడు గోడవారగా కీచుమంటూ పరుగెత్తేదాన్ని ఒకసారి గమనించండి. ముక్కు మూతిని దాటి ముందుకు పొడుచుకొచ్చి అదురుతూ ఉంటుంది, కళ్ళు కనీ కనపడవు. ఎలుకకు ఉండే ఉలిపళ్ళు దీనికి లేవు. దీని తిండి బొద్దింకలూ పురుగులూ. పాపం, ఎలుకల మందుకు ఇదీ బలవుతుంది. 1766లో జీవులకు శాస్త్రీయ నామాలు పెట్టిన స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ దీన్ని చుంచుల ప్రజాతిలోనే పెట్టాడు, పేరులో మాత్రం ‘మ్యూరైనస్’ (ఎలుకలాంటిది) అని ఎలుకను దూర్చాడు. కాబట్టి ‘చుంచెలుక’ అన్న మనవాళ్ళను తప్పుపట్టే పని లేదు.

పాత పాఠ్యపుస్తకాల్లో వీటన్నిటినీ ‘కీటకాహారులు’ అని ఒకే గంపలో వేసేవారు. ఇప్పుడు చుంచులు, హెడ్జ్‌హాగ్‌లు, మోల్‌లు కలిపి యూలిపోటిఫ్లా అనే క్రమం, అంటే వర్గీకరణలో ఒక పెద్ద గుంపు. బంధుత్వం చూస్తే చుంచు గబ్బిలానికీ పిల్లికీ ఆవుకీ దగ్గర. ఎలుకేమో మనకు దగ్గర!

— బాగుందండీ. ఎట్రస్కన్ అంటే ఇటలీదా మరి?

— పేరు వరకే. 1822లో ఇటలీ శాస్త్రవేత్త పావొలో సావి పీసా నుంచి దీన్ని మొదట వర్ణించాడు కాబట్టి, ఆ ఊరున్న టస్కనీ ప్రాంతపు పాత పేరు అంటుకుంది. ఉనికి మాత్రం మధ్యధరా తీరాల నుంచి అరేబియా, మధ్య ఆసియా మీదుగా మన దేశం దాటి ఆగ్నేయాసియా దాకా. ఇంత విస్తారంలో అంతా ఒకే జాతేనా అన్నది పాత తగవు. శ్రీలంక, మడగాస్కర్ చుంచుల్ని ఒకప్పుడు ఇందులోనే కలిపేవారు, ఇప్పుడు వేరే జాతులుగా లెక్కిస్తున్నారు. దీని గుండె నిమిషానికి 1,500 సార్లు దాకా కొట్టుకుంటుంది. పిల్లలకు అది తప్పక చెప్పండి.

— మన కడప, నెల్లూరు మధ్య కొండల్లో దొరికిన ‘మద్రాస్ ట్రీ ష్రూ’ కూడా దీని చుట్టమేనా?

— కాదు తమ్ముడూ. 1850 నాటి వర్ణన ఆ కొండల నమూనా మీదే గానీ, చూడ్డానికి ఉడతలా ఉండే అది స్కాండెన్షియా అనే వేరే క్రమం. దాన్ని ‘చెట్టు చుంచు’ అన్నారంటే మళ్ళీ ఇదే గొడవ.

— సరేనండీ, ‘ఎట్రస్కన్ చుంచు’ అనే రాస్తాను. బొమ్మ కింద ‘ఎలుక కాదు’ అని ఒక ముక్క వేయిస్తాను, ఎడిటరుగారు కత్తిరించకపోతే.