‘భ్రాంతమగు’ అంటే తిరగడమా, భ్రమపడడమా?

అయస్కాంత బాక్టీరియా మీద వ్యాసం రాస్తున్నాను. అవి భూమి అయస్కాంత క్షేత్రాన్ని ‘పసిగడతాయి’ అని రాసి కొట్టేశాను. చనిపోయిన కణం కూడా దిక్సూచి ముల్లులా తిరిగి నిలుస్తుంది, దానికి పసిగట్టడమేమిటి? అప్పట్నుంచి పోతన భాగవతంలో ప్రహ్లాదుడి మాట వెంటాడుతోంది: ‘ఇనుము యస్కాంత సన్నిధి నెట్లు భ్రాంతమగు’. ఇక్కడ భ్రాంతమంటే తిరగడమేనా?

— ముందు పాఠం చూసుకోండి. ఇనుము + అయస్కాంతము, ఉత్వసంధి నిత్యం. ‘ఇనుమయస్కాంత’ అనాలి.

— గణాలు రెండు పాఠాలకూ సరిపోతాయి మాస్టారూ: నగణం, తగణం. తేటగీతి ఎవరి పక్షమూ కాదు. నేను విన్నది మాత్రం ‘ఇనుము యస్కాంత’. ఇనుము విడిగా పలికితేనే పద్యం మొదలైనట్టుంటుంది.

— చెవికింపు వేరు, సూత్రం వేరు.

— అసలు సంస్కృత మూలంలో ‘అయస్కాంతం’ అన్న మాటే లేదు, ‘ఆకర్షం’ అని ఉంది. ‘భ్రామ్యత్యయో బ్రహ్మన్ స్వయమాకర్షసన్నిధౌ’. అక్కడ భ్రామ్యతి అంటే కదలడం, తిరగడం. పోతన పద్యం చివర ‘చిత్తంబు భ్రాంతమగుచు’ అని మళ్ళీ అదే మాట వేసి, ఇనుమునూ మనసునూ ఒకే తిప్పు తిప్పాడు. ఆ చెయ్యి ఇంకెవరికుంది! మీ బాక్టీరియాకు మాత్రం వ్యాసుడి ‘స్వయం’ పనికొస్తుంది.

— ఎంత బాగా కుదిరింది! భూక్షేత్రం కణాన్ని లాగదు, తిప్పుతుందంతే. ఈదేది తోకలాంటి తన కశాభంతోనే. తిరగడానికి లోపల మాగ్నెటైట్ అనే ఇనుప ఖనిజపు స్ఫటికాలున్నాయి, ఒక్కొక్కటి సుమారు 35 నుంచి 120 నానోమీటర్లు, పూసలు గుచ్చినట్టు వరసగా.

— ‘స్వయం’ సరే, ‘సన్నిధి’ కుదరదు. ఆ కణానికి భూక్షేత్రం అన్ని వైపులా ఒకటే, దగ్గరకు వెళ్ళడమంటూ ఉండదు. 1975లో సూక్ష్మజీవ శాస్త్రవేత్త బ్లేక్‌మోర్ వర్ణించినవి ఉత్తరానికి ఈదేవి. ఉత్తరార్ధగోళంలో బలరేఖలు ఉత్తరంవైపు నేలలోకి వంగుతాయి కనుక అటు ఈదితే ఆక్సిజన్ తక్కువున్న బురదలోకి దిగుతాయి. దక్షిణార్ధంలో చాలావరకు దిక్కు తారుమారు. రేఖ వెంట ముందుకా వెనక్కా అన్నది ఆక్సిజన్‌ను బట్టి. అది పసిగట్టడమే కదా! కొట్టేసిన మాట వెనక్కి తెచ్చి, క్షేత్రం పక్కన కాక ఆక్సిజన్ పక్కన పెట్టండి.

— పెడతాను. క్షేత్రం దగ్గర ‘తిరుగుతాయి’ ఉంచుతాను. కానీ భ్రాంతమగు సంగతి?

— అది తర్వాత. ‘యస్కాంత’ అని విడగొట్టడానికి ఎవరైనా సూత్రం చూపండి, ఒప్పుకుంటాను.