2 మీటర్ల రెక్కల రిమోట్ ఫోమ్ గ్లైడర్: మోటార్ ఉంచాలా, పీకేసి బంగీతో (సాగే రబ్బరు తాడుతో) లాగాలా?

చంద్రగిరి_గాలి: 2 మీటర్ల ఈపీఓ (ఫోమ్) మోటార్ గ్లైడర్, కదిలేవి రడ్డర్ (పక్కకు తిప్పేది), ఎలివేటర్ (ముక్కును పైకీ కిందికీ తిప్పేది) మాత్రమే. బరువు 850 గ్రాములు. ఆదివారం పొద్దున సరదాగా ఎగరేయడానికి. మోటార్ తీసేస్తే తేలికై ఎక్కువసేపు నిలబడుతుందా?

బాల్సా_అన్న: తీసెయ్ తమ్ముడూ. 15 మీటర్ల లేటెక్స్ ట్యూబు, 60 మీటర్ల నైలాన్ తాడు, కొసన రింగు, చిన్న పారాచూట్ చాలు. మోడల్ బరువుకు మూడు నాలుగు రెట్లు లాగేదాకా వెనక్కి నడువు, స్ప్రింగ్ కాటాతో చూసుకో. రింగు తగిలించే హుక్కు సీజీకి (బరువు సమంగా నిలిచే చోటుకి) 10 మి.మీ. ముందుండాలి. వెనకైతే పైకి లాగేటప్పుడు పక్కకు తిరిగి నేలకు కొట్టుకుంటాది.

రేణిగుంట_రన్‌వే: తేలికవదు. మోటార్, ప్రాప్ (ముందు తిరిగే ఫ్యాను) పోతే తోక బరువవుతుంది. సీజీ పాత చోటికి రావాలంటే ముక్కులో ఇంచుమించు అంతే సీసం పెట్టాలి. 3 సెల్ లైపో (మోటార్ బ్యాటరీ) తీసి చిన్న బ్యాటరీ పెడితే ఇంకా సీసం. మోటార్ ఉంచి ఈఎస్‌సీలో (మోటార్ వేగాన్ని నడిపే బోర్డులో) బ్రేక్ ఆన్ చెయ్యండి. బ్రేక్ లేకుంటే ప్రాప్ మడుచుకోదు, గాలికి తిరుగుతా డ్రాగ్ (గాలి అడ్డు) పెంచుతుంది.

బాల్సా_అన్న: మడిచినా బ్లేడు బ్లేడే, డ్రాగ్ ఉండాది.

పుత్తూరు_ఫోమ్: మే నెలలో కారులో వదలొద్దు, రెక్క వంకర పోతుంది.

రేణిగుంట_రన్‌వే: మళ్లీ డ్రాగేనా! 850 గ్రాముల ఫోమ్‌కి అది లెక్కలోకి రాదు సార్. సీసం సంగతికి జవాబు చెప్పండి.

తిరుచానూరు_77: ముందు డిజిటల్ స్కై మ్యాప్ (ఎక్కడ ఎగరేయొచ్చో చూపే ప్రభుత్వ డ్రోన్ మ్యాప్) చూడండి. విమానాశ్రయం చుట్టుకొలత నుంచి 8-12 కి.మీ. మధ్య 200 అడుగులు దాటితే అనుమతి కావాలి. థర్మల్ (పైకి లేచే వేడిగాలి) దొరికితే బంగీ గ్లైడరూ దాటేస్తుంది.

బాల్సా_అన్న: సీసం పెట్టనీ! బటన్ నొక్కి ఎక్కేవాడికి థర్మల్ చదవడం ఎప్పటికీ రాదు. అది గ్లైడింగ్ కాదు.

రేణిగుంట_రన్‌వే: ఇదీ అసలు మాట! మీ బాధ డ్రాగ్ కాదు, మోటారున్నోడు గ్లైడర్ మనిషి కాదన్నది. అడిగినాయన సరదాకన్నాడు. చుట్టూ మామిడి తోటలు. దిగేటప్పుడు ఎత్తు చాలకపోతే మూడు సెకన్ల మోటార్ తోట దాటిస్తుంది. బంగీ దాటిస్తుందా?

బాల్సా_అన్న: తోట మీదికే పోకూడదు. గాలి ఎటు నుంచి వస్తోందో ఆ వైపే ఉండాల. మోటార్ చేతిలో ఉంటే ఎవడూ ఆ జాగ్రత్త నేర్చుకోడు.

చంద్రగిరి_గాలి: మోటార్ ఉంచి కింద హుక్కు పెట్టుకోవచ్చా?

రేణిగుంట_రన్‌వే: పెట్టొచ్చు. ఫోమ్‌లో స్క్రూ నిలవదు, 3 మి.మీ. ప్లైవుడ్ ముక్క ఎపాక్సీతో అతికించి దానికి బిగించండి. రెక్కలో కార్బన్ స్పార్ (రెక్కకు బలమిచ్చే కడ్డీ) లేకుంటే బంగీ జోలికి పోవద్దు, మధ్యకు మడుచుకుంటుంది.

బాల్సా_అన్న: థ్రాటిల్ కట్ స్విచ్ (మోటార్ తిరగకుండా ఆపేది) వేసి లాగు. దిగేదాకా తియ్యొద్దు.

రేణిగుంట_రన్‌వే: తోట దగ్గరైతే తియ్యండి.