'లఉస్తిక్'లో ఆ 'ల' ఎవరిది?

తెమ్మెర: పన్నెండో శతాబ్దంలో ఫ్రెంచిలో రాసిన కవయిత్రి మరీ ద ఫ్రాన్స్ 'లఉస్తిక్' ఎత్తుగడ ఒకప్పుడు నోటికి వచ్చేది. బ్రెటన్‌లు (వాయవ్య ఫ్రాన్స్‌లోని బ్రిటనీ వాళ్లు) ఈ కథ మీద 'లే' (చిన్న కథాగేయం) కట్టారు, వాళ్ల దేశంలో దీన్ని లఉస్తిక్ అంటారు, ఫ్రెంచిలో రుసిఞోల్, ఇంగ్లీషులో నిఖ్తెగాలె (నైటింగేల్) అంటూ పిట్ట పేరు మూడు భాషల్లో చెప్పే చోటు. చివరి పాదంలో ఇంగ్లీషుకి ముందు 'ద్రెయిత్' అని ఉన్నట్టు గుర్తు. 'సరైన' ఇంగ్లీషులో అనా? ఫ్రెంచికీ బ్రెటన్‌కీ లేని విశేషణం దీనికే ఎందుకు? పొద్దుటి నుంచీ ఇదే నస.

పాత ప్రతులు: ద్రెయితే. పాదానికి ఎనిమిది అక్షరాలు. ఫ్రాన్సెయిస్–ఎంగ్లెయిస్ ప్రాస కుదిరాక ఒక అక్షరం తక్కువపడింది, అది పెట్టి పూడ్చింది. మన కవులు 'తగన్', 'ఒగిన్' పెట్టినట్టే. ఇందులో తాత్పర్యం వెతకద్దు.

నిఘంటుప్రియ: పాదపూరణం అనేస్తే పని తేలికే లెండి. నాకు అంతకంటే ముందు మాట మీద అనుమానం. బ్రెటన్‌లో ఆ పిట్ట 'ఎయోస్తిగ్'. వెల్ష్‌లో 'ఎయోస్', కార్నిష్‌లోనూ అదే. 'ల' ఎక్కడా లేదు. అది ఫ్రెంచి ఆర్టికల్, ఇంగ్లీషు 'ద' లాంటిది. అంటే "వాళ్ల దేశంలో ఇలా అంటారు" అని చూపించిన మాట నెత్తి మీదే ఫ్రెంచి కూర్చుంది! 'ద్రెయిత్' సంగతి తర్వాత చూద్దాం.

తెమ్మెర: తర్వాత ఎప్పుడండీ, నేను అడిగింది అదే కదా.

గోదారి గట్టు: ఆర్టికల్ అంటుకున్న మాట ఫ్రెంచికి కొత్తా? 'ఇయెర్' అనే తీగకి 'ల' తగిలి 'లియెర్' అయింది, దాని ముందు మళ్లీ ఇంకో 'ల' పెట్టి 'ల లియెర్' అంటున్నారు. 'లెండెమెయిన్' కూడా అంతే. రాసినావిడకి బ్రెటన్ రాదు, చెవిన పడింది రాసుకుంది. ఇంతకుమించి ఏముంది?

నిఘంటుప్రియ: ఎవరి నోటి నుంచి చెవిన పడింది అనేదే ప్రశ్న గోదారి గారూ. బ్రెటన్ మాట్లాడేవాడు చెబితే 'ల' రాదు. ఫ్రెంచి మాట్లాడే బ్రెటన్ చెబితేనే వస్తుంది. పైగా కథ మధ్యలో పిట్టని పట్టుకున్న చోట 'ల లఉస్తిక్' అని ఇంకో ఆర్టికల్ వేసింది. అంటే ఆవిడ దాకా వచ్చేసరికే 'ల' మాటలో కలిసిపోయి ఉంది. నా లెక్కలో 'లి బ్రెతున్' అంటే బ్రెటన్ భాష మాట్లాడేవాళ్లు అని కాదు. ఆ డచీ (డ్యూక్ ఏలిన బ్రిటనీ సీమ) జనం, వాళ్ల నోట ఏ భాష ఉన్నా సరే.

రెన్ ప్రవాసి: ఇక్కడ బ్రిటనీలో, రెన్ ఊళ్లో ఉంటున్నాను కాబట్టి ఒక మాట. రెన్‌కి బ్రెటన్ పేరు రొవాజోన్, ఫుట్‌బాల్ స్టేడియం కూడా రొవాజోన్ పార్కే. కానీ ఈ ఊరి పాత పలుకు బ్రెటన్ కాదు, గాలో. అది లాటిన్ కూతురు, ఫ్రెంచికి చెల్లెలు. దాని పేరు మాత్రం బ్రెటన్ 'గాల్' నుంచి వచ్చింది, 'ఫ్రెంచివాడు' అని. బ్రెటన్ నాయకుడు నొమినోవె 845లో బాల్లోన్ దగ్గర ఫ్రాంకుల రాజు బోడి చార్లెస్‌ని ఓడించాడు. 851లో ఆంజేలో ఒప్పందం కుదిరి రెన్, నాంత్, రెట్జ్ సీమ నొమినోవె కొడుకు ఎరిస్పోవె చేతికి వచ్చాయి. అవన్నీ రోమాన్స్ (లాటిన్ నుంచి పుట్టిన) పలుకున్న సీమలే. రాజ్యం పెరిగిన రోజునే రెండు భాషలది అయిపోయింది. నాంత్‌ని రాజధాని చేసుకున్న డ్యూక్‌ల ఇళ్లలో బ్రెటన్ నిలవలేదు. 1112లో గద్దె దిగిన అలన్ ఫెర్జాన్ బ్రెటన్ మాట్లాడిన చివరి డ్యూక్ అంటారు. లే లు రాసేనాటికి అదంతా తాతల కాలం.

గోదారి గట్టు: ఆ మాటకొస్తే శ్రీనాథుడు తన కవిత్వం 'కర్ణాటభాష' అనలేదా? తెలుగులో రాస్తూ! రాజ్యం పేరు వేరు, భాష పేరు వేరు. భీమేశ్వర పురాణం తీసి చూడండి.

మాస్టారు: గట్టు బాబూ, ఆ పద్యం ఈ గ్రూపులో చాలాసార్లు చిరిగింది. కర్ణాట అంటే దేశమా, శైలా, ఎవరి మీదనో ఎత్తిపొడుపా తేలకుండానే మూడు దారాలు మూసేశాం. దాన్ని తెచ్చి ఇక్కడ సాక్షిగా నిలబెడితే ఎలా?

గోదారి గట్టు: శ్రీనాథుడి ప్రస్తావన లేని రోజు నాకు రోజే కాదు మాస్టారూ.

పాత ప్రతులు: నిఘంటుప్రియ గారి సిద్ధాంతం బాగుంది కానీ కాళ్లు గట్టిగా లేవు. లఉస్తిక్‌కి ఉన్నది ఒక్కటే ప్రతి, బ్రిటిష్ లైబ్రరీలోని హార్లీ 978. పన్నెండు లే లూ ఉన్నది అందులోనే. పారిస్‌లోని తొమ్మిది లే ల ప్రతిలో ఇది లేదు. 13వ శతాబ్దంలో ఇంగ్లండులో ఎవరో రాయసగాడు ఎత్తి రాసిన ప్రతి. పోల్చడానికి ఇంకోటి లేనప్పుడు ఒక్క అక్షరం మీద ఒక జాతి చరిత్ర కట్టకండి.

నిఘంటుప్రియ: రాయసగాడు తప్పు రాస్తే ఛందస్సు ఒప్పుకోవాలి కదా సార్. ల–ఉస్–తిక్, మూడక్షరాలు. 'లఉస్తిక్ అద్ నున్, సో మెస్త్ విస్', లెక్క పెట్టండి, సరిగ్గా ఎనిమిది. 'ఉస్తిక్' అని రాస్తే పాదం కుంటుతుంది. 'ల' కవయిత్రిదే.

తోకచుక్క: నేను ఇన్నాళ్లూ ఎలాస్టిక్ లాగా 'లాస్టిక్' అని చదివాను 😅

మాస్టారు: రోమన్ లిపిలో 'Laüstic' అని మధ్యలో u మీద ఆ రెండు చుక్కలు అందుకే అమ్మా. చుక్కలు పెట్టింది సంపాదకులే, అయినా విడగొట్టి పలకాల్సిందే.

సరే, నా వంతు. 'ఎయోస్తిగ్'లో 'ఎయోస్త్' ఉంది చూశారా? బ్రెటన్‌లో ఎయోస్త్ అంటే ఆగస్టు, కోతల కాలం. లాటిన్ అగుస్తుస్ నుంచి వచ్చింది. చివరి 'ఇగ్' చిన్నదనానికి, ముద్దుకి. అంటే 'ఆగస్టు పిట్ట'. పంట చేలల్లో తిరిగే పిట్ట అన్నమాట.

నిఘంటుప్రియ: మాస్టారూ, పెద్దలు, క్షమించాలి. నైటింగేల్ ఏప్రిల్‌లో పాట ఎత్తుకుంటే జూన్‌కి గొంతు కట్టేస్తుంది. ఆగస్టులో పాడని పిట్టకి ఆగస్టు పేరు ఎవరు పెడతారు? వెల్ష్‌లో ఆగస్టు 'అవ్‌స్త్', పిట్ట 'ఎయోస్'. రెండూ వేరు మాటలు. బ్రెటన్‌లో ఆ 'త్' మధ్యలో ఎక్కింది. బహుశా ఆగస్టు మాట పక్కనే ఉండి లాగి ఉంటుంది, అంతవరకు ఒప్పుకుంటా.

మాస్టారు: లాగింది అన్నావు కదా, నాకు అది చాలు.

పాత ప్రతులు: ఈ గొడవలో మీరిద్దరూ గమనించని మంచి ముక్క ఒకటి ఉంది. ఆ 'తిక్'. వెల్ష్‌లోనూ కార్నిష్‌లోనూ లేదు, బ్రెటన్‌లోనే ఉంది. 'బ్రెతున్' అంటే వేల్స్ వాళ్లా, సముద్రానికి ఇవతలి వాళ్లా అని ఈ కాలపు ప్రతి గ్రంథం దగ్గరా తలపట్టుకుంటారు, ఒకే మాట ఇద్దరికీ చెల్లేది కాబట్టి. ఈ లే వరకు ఆ పేచీ లేదు. పిట్ట తోకే సాక్ష్యం. 'ల' కంటే తోకని పట్టుకోండి.

రెన్ ప్రవాసి: కథ జరిగింది కూడా సాన్ మాలో సీమలోనే అని చెప్పింది కదా. సాన్ మాలో గాలో పలుకున్న తీరం. కాబట్టి 'ల' అక్కడిదే అయి ఉంటుంది, నిఘంటుప్రియ గారికి నా ఓటు.

పాత ప్రతులు: ఆగండి. ఆ పాదం 'సాన్ మాలో సీమలో పేరున్న పట్నం ఒకటి ఉంది' అంటుంది. సాన్ మాలో పట్నమే అనలేదు. ఆ బిషప్ ఏలుబడి లోపలికి ప్లొయెర్మెల్ దాకా ఉండేది. 'ప్లొ' అంటే బ్రెటన్‌లో పారిష్ అని మీకు చెప్పక్కర్లేదు. అటువైపు బ్రెటన్ ఇంకా బతికే ఉంది. ఓటు వెనక్కి తీసుకోండి.

రెన్ ప్రవాసి: తీసుకోను. పన్నెండో శతాబ్దపు తత్వవేత్త అబెలార్‌ని గుర్తు తెచ్చుకోండి. పుట్టింది నాంత్ దగ్గర ల పాలేలో. బ్రెటన్ తీరంలోని సాన్ గిల్దాస్ ద రుయిస్ మఠానికి పెద్దగా వెళ్లి, అది అనాగరిక దేశమనీ, ఆ నేల భాష తనకి తెలియదనీ రాసుకున్నాడు. సొంత డచీలోనే! అయినా లోకం అతన్ని బ్రెటన్ అనే పిలిచింది. 'లి బ్రెతున్' ఎవరు అని అడిగితే నాకు ముందు ఆయనే కనిపిస్తాడు.

తోకచుక్క: ఇదంతా ఏమో కానీ నాకు ఆ గుడ్డ ముక్క మీదే మనసు. కథలో మొగుడు పిట్ట మెడ విరిచి పెళ్లాం మీదకి విసురుతాడు, గుండెల దగ్గర చొక్కాకి నెత్తురంటుతుంది. ఆమె ఆ పిట్టని పట్టుగుడ్డలో చుట్టి పక్కింటి ప్రియుడికి పంపుతుంది. గుడ్డంతా బంగారు జరీతో కుట్టిన అక్షరాలు. అతను దాన్ని రత్నాలు పొదిగిన బంగారు బరిణెలో పెట్టి ఎక్కడికెళ్లినా వెంట తీసుకెళ్తాడు. ఆ కుట్టిన అక్షరాలు ఏ భాషలో ఉన్నాయంటారు?

మాస్టారు: లాటిన్‌లో. అప్పుడు రాతంటే అదే.

నిఘంటుప్రియ: ఆడవాళ్లు కుట్టుకున్న ప్రేమలేఖ లాటిన్‌లోనా? ఫ్రెంచి. ఇది కూడా నా వైపే.

గోదారి గట్టు: అన్నీ మీ వైపే లెండి.

తెమ్మెర: ఎవరైనా 'ద్రెయిత్' గురించి… నా ఊహ ఇది. ఆవిడ ఇంగ్లండులో రాస్తోంది. బ్రెటన్ పేరు ఆమెకి విన్న పేరు, అందుకే 'సో మెస్త్ విస్', 'నాకు తోచినంతలో' అని తప్పుకుంది. ఇంగ్లీషు పేరు మాత్రం ఊళ్లో రోజూ వినేది, అందుకే 'ద్రెయిత్', ఖాయంగా అని. ఒక భాష మీద అనుమానం, ఒక భాష మీద ధీమా.

పాత ప్రతులు: 'సో మెస్త్ విస్' కూడా పాదపూరణమే.

తెమ్మెర: మీకు ఆవిడ రాసిందంతా పాదపూరణమేనా?

రెన్ ప్రవాసి: పైగా ఇంగ్లండులో బ్రెటన్‌లకి కొదవా? 1066లో ఇంగ్లండుని గెలిచిన విలియంతో వెళ్లిన బ్రెటన్ దొర అలన్ రూఫుస్‌కి రిచ్‌మండ్ జాగీరు దక్కింది. ఆ వంశం వాళ్లు తర్వాత డ్యూక్‌లే అయ్యారు. 1166లో డ్యూక్ కోనాన్ కూతురు కాన్‌స్తాన్స్‌ని తన కొడుక్కి కుదుర్చుకుని ఇంగ్లండు రాజు రెండో హెన్రీ డచీనే చేతిలోకి తీసుకున్నాడు. ఆవిడ 'ల'ని రిచ్‌మండ్ వాళ్ల నోట విని ఉండచ్చు. సాన్ మాలో దాకా వెళ్లక్కర్లేదు.

నిఘంటుప్రియ: ఇది బాగుంది. ఆవిడదే ఇంకో లే, తోడేలుగా మారే మనిషి కథ 'బిస్‌క్లవ్రెత్'లో కూడా 'బ్రెటన్‌లో ఈ పేరు, నార్మన్‌లు గర్వాఫ్ అంటారు' అనే కదా ఎత్తుకుంటుంది. అక్కడ ఆర్టికల్ లేదు.

మాస్టారు: ఉండదు, అది తోడేలు మాట. 'బ్లెయిజ్ లవరెత్', మాట్లాడే తోడేలు.

నిఘంటుప్రియ: 'బ్లెయిజ్' నుంచి 'బిస్క్' ఎలా వచ్చింది మాస్టారూ? అది 'బిస్క్ లవ్రెత్', పొట్టి లాగు వేసుకున్నవాడు. కథంతా బట్టల చుట్టూనే కదా, పెళ్లాం అతని బట్టలు దొంగిలింపజేస్తేనే అతను తోడేలుగా మిగిలిపోతాడు.

మాస్టారు: తోడేలుకి లాగు తొడిగే ముందు 'బిస్క్' అంటే పొట్టి అని ఏ పాత బ్రెటన్ పాఠంలో ఉందో ముందు చూపించు.

తోకచుక్క: తెమ్మెర గారూ, మీరు కొత్త దారం తెరవండి, ఇది ఇక లాగు దారం.