సమస్యాపూరణం: తలకు నిప్పు పెట్టి తల్లి మురిసె

నిర్వాహకుడు: డిసెంబరు 13, స్వీడన్‌లో క్రైస్తవ సాధ్వి లూసియా పండుగ. స్టాక్‌హోం నుంచి ఉత్తరకాంతి గారు ఒక ఫొటో పంపారు. తెల్లని గౌను, నడుముకు ఎర్రని పట్టీ, తలపై వెలిగే కొవ్వొత్తుల కిరీటంతో ఒక పిల్ల. వెనక వాళ్ళమ్మ ముఖం. చూడగానే పై పాదం తోచింది. దీన్ని చివరి పాదంగా ఉంచి పద్యం పూరించాలి. పూరణలో తలకొరివి ధ్వని రాకూడదు.

కృష్ణాతీరం:
సూర్యు డలిగి పోయె స్వీడను దేశాన
కాఫి తెచ్చె కన్య కాంతి తోడ
దీపవత్తు లెల్ల తీర్చిన మకుటాన
తలకు నిప్పు పెట్టి తల్లి మురిసె

తాళపత్రం: మూడో పాదం వల్ల తలకొరివి తప్పింది, సంతోషం. కాని మొదటి పాదంలో యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో ఒక అక్షరం పొసగడం) తప్పింది. ‘సూ’కు ‘స్వీ’తో హల్లు కలిసింది, అచ్చు కలవలేదు.

కృష్ణాతీరం: నిజమే. అలిగిన సూర్యుణ్ణి వదులుకోవడం కష్టంగా ఉంది.

ఉత్తరకాంతి: ఇక్కడ ఈ రోజుల్లో మధ్యాహ్నం మూడు కాకముందే పొద్దు గుంకుతుంది, ఆ అలక నిజమైనదే. పాత జూలియన్ పంచాంగం నాటి నుంచీ ఏడాదిలో అన్నిటికన్నా పొడవైన రాత్రి లూసియా రాత్రేనని ఇక్కడివారి నమ్మకం. 1753లో స్వీడన్ పంచాంగం మార్చుకుంది, పండుగ మాత్రం తన తేదీని వదల్లేదు. తెల్లవారుజామున కూతురు కాఫీ తెస్తుందన్నదీ సరిగ్గా పట్టారు. పక్కన కుంకుమపువ్వు వేసిన లుస్సెకత్తర్ బన్నులు కూడా ఉంటాయి.

కృష్ణాతీరం: సవరణ: ‘చీకటేలు వేళ స్వీడను దేశాన’.

తాళపత్రం: చ–స సరసయతి (దగ్గరి హల్లుల మధ్య చెల్లే యతి) చక్కగా కుదిరింది. అలిగిన సూర్యుడికన్నా ఏలే చీకటి బరువైన మాట.

మొగలిపొద:
కరవు కాల మందు కడలి యోడల మీద
లూసియమ్మ దయకు లోటు లేక
గోధుమలను నింపి కూర్మితో పురి కొర
తలకు నిప్పు పెట్టి తల్లి మురిసె

నిర్వాహకుడు: కొర–తలకు! పాదం మొదటి మాటనే మార్చేశారు.

కృష్ణాతీరం: పండుగ స్వీడన్‌లో, మీరు ఓడలెక్కి ఎక్కడికి వెళ్ళారు?

మొగలిపొద: లూసియా పుట్టింటికి. ఆమెది ఇటలీ ద్వీపం సిసిలీలోని సిరక్యూజ్. 304లో, రోమన్ చక్రవర్తి డయోక్లీషియన్ క్రైస్తవులను హింసించిన కాలంలో ప్రాణాలిచ్చింది. 1646 కరవులో ఆమెను వేడుకుంటే గోధుమల ఓడలు వచ్చాయని, పిండి పట్టేదాకా ఆగలేక జనం గింజలే ఉడకబెట్టుకుని తిన్నారని సిసిలీలో చెప్పుకుంటారు. అందుకే ఈ రోజు సిసిలీ నగరం పలెర్మోలో రొట్టె ముట్టరు. ఉడికించిన గోధుమలతో కుచ్చియా వండుకుంటారు.

తాళపత్రం: కథ బాగుంది. కాని మొగలిపొద గారిది పాత అలవాటే. సంక్రాంతి సమస్యలో ‘పాలు’ ముందు ‘లో’ చేర్చి ‘లోపాలు’ చేశారు, ఆ పద్యంలో ఒక గణమే (లయకు కొలతైన అక్షరాల గుంపు) లోపించింది. ఈసారి గణాలు సరిపోయాయి, కాని ఫొటోలో పిల్ల తలపై వెలుగుతున్న మంట పద్యంలో ఆరిపోయింది. నిప్పును కొరతల మీదికి తోసేస్తే ఇది ఏ అన్నదాత మీదనైనా చెప్పగల పద్యం అవుతుంది.

మొగలిపొద: సంక్రాంతి గణం తప్పు అప్పుడే ఒప్పుకున్నాను. ఇక్కడ విరుపు తప్పని ఎవరూ అనలేరు. మంట ఆరకుండా మీరే పూరించి చూపండి.

ఉత్తరకాంతి: తాళపత్రం గారికి పనికొచ్చే ఐతిహ్యం ఒకటి ఉంది. నేలమాళిగల్లో దాక్కున్న క్రైస్తవులకు లూసియా అన్నం మోసుకెళ్ళేదట. రెండు చేతులూ ఖాళీగా ఉండాలని దీపాలను తలపై పెట్టుకుందట. తల్లి పేరు యుటీకియా.

తాళపత్రం:
అన్న మందజేయ హస్తాలు రెండును
విడువ వలయు ననుచు వెలుగు కొరకు
గుహల నడచు బిడ్డ కొప్పున వత్తుల
తలకు నిప్పు పెట్టి తల్లి మురిసె

కృష్ణాతీరం: వత్తుల తల! తల బిడ్డది కాదు, వత్తిది. మంట నిజంగానే వెలిగింది, తలకొరివి ఊసే లేదు. అ–హ యతి కూడా హాయిగా ఉంది.

మొగలిపొద: ఒప్పుకుంటున్నాను, నా ఓడలకన్నా మీ వత్తి ముందుంది. అయితే ‘కొప్పున’ అంటే మంట జుట్టులో ఉన్నట్టు వినిపిస్తోంది. ‘కొప్పుపై’ అంటే గణమూ చెడదు, పిల్లకూ భయం లేదు.

తాళపత్రం: ‘కొప్పుపై వత్తుల’. మార్చాను. ఈ సవరణ మీ పేరు మీదే ఉండాలి.