తలకు దెబ్బ తగిలాక ఫిట్స్ మాత్ర ఏళ్ల తరబడి వాడితే మూర్ఛ రాకుండా ఆగుతుందా?

బ్రాడీపేట: కాజా టోల్‌గేట్ దగ్గర బండి స్కిడ్ అయి మా తమ్ముడి తలకు గట్టి దెబ్బ తగిలింది. ఫిట్స్ ఒక్కసారి కూడా రాలేదు. వారం మాత్ర ఇచ్చి డాక్టర్ ఆపేశారు. తెలిసినవాళ్ల అబ్బాయికి దెబ్బ తగిలిన రెండేళ్లకు ఫిట్స్ మొదలయ్యాయట, అమ్మకు ఒకటే టెన్షన్. మాత్ర కొనసాగిస్తే మంచిదే కదా?

పటమట: మీ డాక్టర్ చేసింది సరైనదేనండి. అమెరికాలోని సియాటిల్‌లో టెమ్కిన్ బృందం తలకు గట్టి దెబ్బ తగిలిన 404 మందికి ఏడాది పాటు ఫెనిటాయిన్ అనే ఫిట్స్ మాత్ర లేదా ఉత్తుత్తి మాత్ర ఇచ్చి చూసి 1990లో ఫలితాలు ప్రకటించింది. మొదటి వారంలో ఫిట్స్ 14 శాతం నుంచి 3.6 శాతానికి దిగాయి. తర్వాత వచ్చేవి మాత్రం తగ్గలేదు.

ఎందుకంటే ఆ మందు మెదడు కణాల్లో విద్యుత్ సంకేతం పుట్టించే ద్వారాలను, అంటే సోడియం చానళ్లను, అదుపు చేసి ఫిట్‌ను ఆపుతుంది, అంతే. మూర్ఛ, అంటే పదేపదే ఫిట్స్ వచ్చే జబ్బు, తయారయ్యే దారి వేరు. దెబ్బ తగిలిన చోట మెదడులో నాడీకణాలకు తోడుండే గ్లియా కణాలు ఇంటర్‌ల్యూకిన్-1 బీటా అనే వాపు రసాయనాన్ని విడుదల చేస్తాయి. దాంతో నాడీకణాలను ఉత్తేజపరిచే గ్లుటమేట్ సంకేతం మరింత జోరుగా పనిచేస్తుంది. మరోపక్క, కణంలోంచి క్లోరైడ్‌ను బయటికి పంపే కేసీసీ2 ప్రోటీన్ తగ్గి, లోపలికి తెచ్చే ఎన్‌కేసీసీ1 పెరుగుతుంది. క్లోరైడ్ లోపల పేరుకుంటే, బ్రేక్ వేయాల్సిన గాబా అనే మెదడు రసాయనం ఒక్కోసారి కణాన్ని రెచ్చగొడుతుంది! ఇదంతా నెలలు, ఏళ్లు పైకి కనపడకుండా సాగుతుంది.

ఏటుకూరు రోడ్డు: మూర్ఛను ముందే ఆపడం ఏ మందుకూ కాదన్నట్టు రాశారు, అది ఒప్పుకోను. మెదడులోనూ ఇతర అవయవాల్లోనూ గడ్డలు వచ్చే ట్యూబరస్ స్క్లెరోసిస్ అనే జబ్బున్న పసిపిల్లల్లో జన్యులోపం వల్ల కణాల పెరుగుదలను నడిపే ఎంటార్ అనే సంకేత మార్గం అదుపు తప్పుతుంది. మెదడు విద్యుత్ తరంగాలు చూసే ఈఈజీ పరీక్షలో తేడా కనిపించగానే, ఫిట్స్ రాకముందే విగాబాట్రిన్ అనే ఫిట్స్ మందు ఇస్తే మూర్ఛ ముప్పు తగ్గిందని ఎపిస్టాప్ అధ్యయనం తేల్చింది. మన పిల్లల విషయంలో ఆ ఆశ వదులుకోకూడదు.

పటమట: ఆ ఫలితం నిజమే, నాకూ సంతోషమే. కానీ అక్కడ జబ్బేమిటో ముందే తెలుసు, ఈఈజీ దారి చూపింది. తలకు దెబ్బ తగిలినవాళ్లలో ఎవరికి మూర్ఛ వస్తుందో కచ్చితంగా చెప్పే పరీక్ష ఇప్పటికి లేదు. అందరికీ ఏళ్ల తరబడి ఫెనిటాయిన్ మింగిస్తే మగత, చిగుళ్లు ఉబ్బడం మిగులుతాయి. ఇప్పటికే ఫిట్స్ వచ్చి మందులు వాడుతున్నవాళ్లు మాత్రం ఇది చదివి ఆపేయకండి, దయచేసి.

బ్రాడీపేట గారూ, అమ్మకు ఒక్కటి నేర్పండి. ఎప్పుడైనా ఫిట్ వస్తే చేతిలో తాళాలగుత్తి పెట్టొద్దు, నోట్లో చెంచా దూర్చొద్దు. పక్కకు ఒత్తిగిలి ఉండేలా చూసి టైమ్ చూడమనండి. ఐదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయాలి. త్వరగా ఆగిపోయినా సరే, ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.