ఏడాది తిరక్కుండా ఎడారి ఉత్సవమా? పిల్లలతో బర్నింగ్ మ్యాన్‌కి వెళ్ళడం మీద మీరేమంటారు?

తెనాలి కోడలు

ఇంట్లో మొదలైన గొడవ ఇక్కడికి తెస్తున్నాను. తిట్టినా పర్లేదు, నిజం చెప్పండి.

ఫిబ్రవరిలో మామగారు పోయారు. మా ఆయన ఒక్కరే వెళ్ళి కర్మకాండ చేసి వచ్చారు. పిల్లలకి బడి, నాకు వీసా స్టాంపింగ్ భయం. జూన్‌లో అందరం తెనాలి వెళ్ళి మూడు వారాలున్నాం. జులైలో ఒరెగన్‌లో క్రేటర్ లేక్, వచ్చే దారిలో లాసెన్ పార్కు. ఆగస్టు చివర ఐదు రోజులు నెవాడాలో బర్నింగ్ మ్యాన్ (ఇది 2024 సంగతి). గొడవంతా ఈ చివరిదాని గురించే.

తెలియనివాళ్ళకి: 1986లో లారీ హార్వీ, జెర్రీ జేమ్స్ అనే ఇద్దరు స్నేహితులు శాన్ ఫ్రాన్సిస్కోలో బేకర్ బీచ్ దగ్గర ఎనిమిదడుగుల చెక్కబొమ్మని తగలబెట్టారు. 1990లో అది బ్లాక్ రాక్ ఎడారికి మారింది. ఇప్పుడు లేబర్ డే (సెప్టెంబరు మొదటి సోమవారం) ముందు వారం డెబ్బై వేలమంది దాకా అక్కడ చేరి, ఎప్పుడో ఎండిపోయిన సరస్సు అడుగున ఊరు కట్టుకుంటారు. శిల్పాలు నిలబెడతారు. శనివారం రాత్రి మనిషి బొమ్మని, ఆదివారం రాత్రి 'టెంపుల్' అని పిలిచే చెక్క కట్టడాన్ని కాల్చి, ఊరు విప్పుకుని వెళ్ళిపోతారు. లోపల కొనడాలు అమ్మడాలు ఉండవు, ఐసు తప్ప.

వీడియో కాల్‌లో ఫోటోలు చూసి అత్తయ్య అన్న మాటలు: "భోగికి రమ్మంటే సెలవు లేదంటారు. ఎడారిలో మంట చూడ్డానికి దొరికిందా?" తర్వాత, "ఏటిసూతకంలో ఉన్నాడు వాడు. ఉగాదికి పచ్చడి కూడా నోట్లో పెట్టుకోలేదు. ఉత్సవానికెలా వెళ్ళాడు?" ఆ తర్వాత, "ఏడేళ్ళ పిల్లాణ్ణి బట్టల్లేని మనుషుల మధ్యకా?"

మూడో దానికి నా దగ్గర జవాబుంది. మొదటి రెండిటికీ లేదు.

శానోజే సత్యం

మూడో దానికే మీ జవాబు వినాలనుంది మేడమ్. బట్టల్లేకుండా సైకిళ్ళు తొక్కేవాళ్ళు, మత్తులో తూలేవాళ్ళు. ఇది పిల్లల కోసం వెళ్ళిన యాత్ర కాదు. మీరిద్దరూ వెళ్ళాలనుకున్నారు, పిల్లల్ని ఎక్కడ వదలాలో తెలియక వెంట తీసుకెళ్ళారు. ఆ మాట ఒప్పుకుంటే చర్చ అయిపోతుంది.

తెనాలి కోడలు

సగం ఒప్పుకుంటాను. వెళ్ళాలని పట్టుబట్టింది నేనే.

బట్టల్లేనివాళ్ళు ఉన్నారు. మావాడు మొదటి రోజంతా పకపకా నవ్వాడు. రెండో రోజుకి మానేసి, నిప్పులు కక్కే బండ్ల వెంట పడ్డాడు. మేమున్నది కిడ్స్‌విల్ అనే శిబిరంలో. చుట్టూ పిల్లలున్న కుటుంబాలే. పద్దెనిమిది నిండనివాళ్ళని పెద్దవాళ్ళ గుడారాల్లోకి రానివ్వరు. పిల్లలెవరైనా తప్పిపోయారని తెలిస్తే ఊరి గేటు మూసేస్తారు, దొరికేదాకా ఏ బండీ బయటికి కదలదు. ఏ షాపింగ్ మాల్‌లో నాకంత భద్రత ఉంది చెప్పండి.

నాలుగెనభైఐదు పెండింగ్

బట్టల గోల తర్వాత. మనవాళ్ళెవరూ ఆలోచించని ఒక విషయం చెప్తాను. నెవాడాలో గంజాయి చట్టబద్ధమే, కానీ ఆ ఎడారి కేంద్ర ప్రభుత్వ భూమి. అక్కడ చెల్లేది కేంద్ర చట్టం, దాని ప్రకారం అది నేరమే. పౌరసత్వం ఉన్నవాడికైతే జరిమానాతో పోవచ్చు. హెచ్-1బి మీదో, గ్రీన్‌కార్డు లైన్‌లోనో ఉన్నవాడికి కేసు అక్కర్లేదు, "ఒకసారి తాగాను" అని అధికారి ముందు ఒప్పుకున్నా మెడకి చుట్టుకుంటుంది.

ఆ ఎడారి పక్కనున్న గెర్లాక్ ఊరికి వెళ్ళే 447 రోడ్డు మీద ఆ వారం పోలీసులు కాచుకుని ఉంటారు. వెనక కట్టిన సైకిల్ నంబర్ ప్లేటుకి అడ్డమొచ్చినా ఆపుతారు. మీరు ముట్టరు, సరే. దారిలో ఎక్కించుకున్న స్నేహితుడి సంచిలో ఏముందో మీకు తెలుసా? పిల్లలతో అంటున్నారు కాబట్టి అడుగుతున్నాను. తల్లిదండ్రుల వీసా పోతే పిల్లల చదువూ అక్కడితో ఆగుతుంది.

తెనాలి కోడలు

మంచి మాట అన్నారు. సైకిల్ ప్లేటు సంగతి మాకు వాడ్స్‌వర్త్ దాటాక గుర్తొచ్చింది. ఎండలో దిగి మళ్ళీ కట్టుకున్నాం. ఎవర్నీ ఎక్కించుకోలేదు.

వరంగల్ పోరడు

అక్కా, నాకు ఆరేండ్లున్నప్పుడు మా బాపు మేడారం తీస్కపోయిండు. ఎడ్లబండి మీద, రెండు దినాల తొవ్వ. అడవిల రెండేండ్లకోపాలి పట్నం లేస్తది, జాతర కాంగనే మాయమైతది. జంపన్న వాగుల తానాలు, పూనకాలు, కల్లు, కోళ్ళు, దుమ్ము. నేను తప్పిపోయిన కూడ. ఎవలో ముసలవ్వ బంగారం పెట్టి (బెల్లం, తెల్వనోళ్ళకు చెప్తున్న) కూసోబెట్టుకుంది, బాపు ఎతుక్కుంట వచ్చేదాక. అప్పుడు మా బాపును ఎవలన్న "పిల్లగాన్ని గసోంటి తావుకెందుకు తెచ్చినవ్" అన్నరా? అమెరికోడు జేస్తే ఆర్టు, మనం జేస్తే మూఢనమ్మకమా, లేకపోతె ఉల్టానా? నాకైతే రెండు ఒక్కతీర్గనే కనవడ్తున్నయి.

శానోజే సత్యం

తమ్ముడూ, ఒక్కటి ఎలా అవుతాయి? మేడారంలో తల్లి ఉంది. మొక్కు ఉంది. ఆ ఎడారిలో ఉన్నది ఒట్టి బొమ్మ, అదేమిటో కాల్చేవాళ్ళకే తెలియదు. అర్థం మీకు నచ్చింది పెట్టుకోండి అంటారు.

ఉప్పూ కారం

అర్థం సంగతి అటుంచండి, లెక్క చూడండి. 2024లో అసలు టికెట్టు 575 డాలర్లు, బండి పాసు 150, ఆర్‌వీ (ఇల్లులాంటి బండి) అద్దె వేలల్లో. ఆ ఎడారిలో వారానికి విమానాశ్రయం కూడా వెలుస్తుంది, ఎవరి కోసమో చెప్పక్కర్లేదు. అంత ఖర్చు పెట్టి వచ్చినవాళ్ళు ఒకళ్ళకొకళ్ళు పాన్‌కేకులు పంచుకుని 'కానుకల సంస్కృతి' అంటారు. మా తాత ఊళ్ళో చలివేంద్రం పెట్టేవాడు. ఆ దారిన పోయే కూలీకి నిజంగా దాహం ఉండేది. నిండిన కడుపు నిండిన కడుపుకి పెడితే అది దానం కాదండీ, పార్టీ.

ఉబ్బసం అమ్మ

ఆస్తమా ఉన్న పిల్లాడి తల్లిగా చెప్తున్నాను. అది ఇసుక కాదు, ఎండిన సరస్సు మట్టి, పిండిలా మెత్తన, క్షారం. పాదాలు పగిలి మండితే వెనిగర్ కలిపిన నీళ్ళతో కడుక్కోమని వాళ్ళే చెప్తారు. చర్మానికే అలా ఉంటే ఊపిరితిత్తుల మాటేమిటి? 2023లో వాన పడింది. ఆ మట్టి బంకలా మారి, రోడ్లు మూసేసి, డెబ్బై వేలకి పైగా జనం అక్కడే చిక్కుకుపోయారు. శనివారం కాల్చాల్సిన బొమ్మని సోమవారం కాల్చారు. మా పిల్లాడికి నెబ్యులైజర్ అవసరమయ్యే రాత్రి అలాంటిది జరిగితే? పెద్దవాళ్ళు తమ ఒంటితో ఏం చేసుకున్నా వాళ్ళిష్టం. ఏడేళ్ళవాణ్ణి ఎవరడిగారు?

తెనాలి కోడలు

ఉబ్బసం అమ్మ గారూ, మీ మాటకి ఎదురు చెప్పను. మావాడికి ఆస్తమా ఉండుంటే వెళ్ళేదాన్ని కాదు. లేకపోయినా రెండో రాత్రి ముక్కులోంచి రక్తం కారింది. పొడిగాలికి అలా అవుతుందని తెలుసు. అయినా చీకట్లో దిండు మీద ఎర్రటి మరక చూసినప్పుడు తెలిసినవేవీ గుర్తు రావు.

ఇంకొకటి కూడా చెప్పాలి, ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మూడో రోజు మధ్యాహ్నం అమ్మాయీ నేనూ సైకిళ్ళ మీద దూరంగా ఉన్న శిల్పం చూడ్డానికి వెళ్ళాం. తనకి పదకొండేళ్ళు. వస్తూండగా దుమ్ము లేచింది. పొగమంచు అనుకోండి, కాకపోతే నోట్లో కరకరలాడే పొగమంచు. నా సైకిల్ ముందు చక్రం నాకు కనబడలేదు. "అమ్మూ" అని అరిస్తే పక్కనుంచే "ఇక్కడే ఉన్నా" అంది. ఆ పక్క ఏ పక్కో తెలియలేదు. ఇద్దరం దిగి, మాటని పట్టుకుని పాక్కుంటూ ఒకళ్ళనొకళ్ళం చేరి, సైకిళ్ళు పడేసి, వీపూ వీపూ ఆనించి కూర్చున్నాం. కళ్ళద్దాలూ మాస్కూ ఉన్నాయి. అలా ఎంతసేపు ఉన్నామో, నలభై నిమిషాలు అయుంటుంది. తను ఎక్కాలు చదవడం మొదలుపెట్టింది, పదహారో ఎక్కం దగ్గర తప్పు చదివితే నేను దిద్దాను. గాలి తగ్గాక చూస్తే మేం కూర్చున్న చోటికి ఇరవై గజాల దూరంలో ఎవరిదో గుడారం. అందులోకి వెళ్ళి ఉండొచ్చు, కనబడలేదంతే.

దాన్ని సాహసంగా చెప్పుకోవాలో నా తెలివితక్కువతనంగా చెప్పుకోవాలో ఇప్పటికీ తేల్చుకోలేదు. అమ్మాయి మాత్రం బడిలో వేసవి గురించి రాయమంటే క్రేటర్ లేక్ లోతు 1,943 అడుగులని ఒక్క వాక్యం రాసి, మిగతా కాగితమంతా దీని గురించే రాసింది.

ఉప్పూ కారం గారూ, ఆఖరి వారంలో తిరిగి అమ్మేవాళ్ళ దగ్గర టికెట్లు అసలు ధర కన్నా తక్కువకే దొరికాయి. ఆ ఏడాది టికెట్లు పూర్తిగా అమ్ముడుపోలేదు. పన్నెండేళ్ళలోపు పిల్లలకి టికెట్టు అక్కర్లేదు. మీ తాతగారి చలివేంద్రం మాట చదివి నవ్వొచ్చింది, మావాళ్ళు పెట్టింది అదే. ఉప్పూ పంచదారా వేసిన నిమ్మకాయ నీళ్ళు. అక్కడ గ్లాసులు ఇవ్వరు, ఎవరి కప్పు వాళ్ళ నడుముకే వేలాడుతుంది. ఒకాయన ఖాళీ చేసి, ఇంకోటి అడగడానికి మొహమాటపడి నిలబడితే మావాడే గరిటెతో పోశాడు. వచ్చినవాళ్ళు బీదవాళ్ళు కాదు, నిజమే. దాహం మాత్రం అసలైనదే. మనిషికి రోజుకి గ్యాలనున్నర చొప్పున ముప్ఫై గ్యాలన్ల నీళ్ళు మోసుకెళ్ళాం. గిన్నెలు కడిగిన నీళ్ళు కూడా నేల మీద పారబొయ్యకూడదు. పోపు మాడిన మూకుడు కడిగిన నీళ్ళని డబ్బాలో పోసి, ఫ్రీమాంట్ దాకా ఇంటికి మోసుకొచ్చిన మొదటి తెలుగు ఇల్లాలిని నేనే అయుంటాను.

పంతులుగారి మనవడు

అమ్మా, అందరూ మీ అత్తగారి మూడో ప్రశ్న చుట్టూ తిరుగుతున్నారు. రెండోది వదిలేశారు. మావైపు ఏటిసూతకంలో కర్త పండగలు చేసుకోడు, కొండ గుళ్ళకి వెళ్ళడు, పెళ్ళిళ్ళలో పెద్దరికం చెయ్యడు. ఇంటింటికీ తేడా ఉంటుంది. ఎడారిలో బొమ్మ కాల్చడం గురించి ఏ శాస్త్రమూ ఏమీ చెప్పదు, కాబట్టి శాస్త్రంతో మీవారిని సమర్థించనూ లేను, తప్పు పట్టనూ లేను. నా సందేహం వేరు. ఆ టెంపుల్‌లో మీవాళ్ళేమైనా పెట్టారా?

తెనాలి కోడలు

అడుగుతారనుకున్నాను. అసలు గొడవ అదే.

ఆ కట్టడంలో పోయినవాళ్ళ ఫోటోలు, ఉత్తరాలు, చొక్కాలు, కుక్కల మెడ పట్టీలు పెడతారు. గోడలనిండా పేర్లు. 2000లో డేవిడ్ బెస్ట్ అనే శిల్పి కట్టినప్పటి నుంచీ అది ఆనవాయితీ అయింది. లోపల ఎవరూ గట్టిగా మాట్లాడరు. ఆదివారం రాత్రి దాన్ని కాల్చేటప్పుడు ముందురోజు గెంతిన జనమే కిక్కురుమనకుండా కూర్చుంటారు.

మా ఆయన ఫిబ్రవరిలో తలకొరివి పెట్టి, వారం తిరక్కుండా ఆఫీసు కాల్స్‌లో కూర్చున్నారు. ఏడవడం నేను చూడలేదు. అక్కడ చూశాను. పిల్లలకి తాతయ్య చివరిచూపు లేదు. అమ్మాయి తెలుగులో నాలుగు లైన్లు రాసి, మడిచి, చెక్కల సందులో పెట్టింది. ఫోటో పెట్టలేదు, అత్తయ్యకి నచ్చదని ఆ మాత్రం తోచింది. "ఒకసారి కాల్చిన మనిషిని మళ్ళీ కాలుస్తారా" అని ఆవిడ అడిగితే మాత్రం నాకు నోట మాట రాలేదు.

ఉబ్బసం అమ్మ

దుమ్ము విషయంలో నా మాట మార్చుకోను. కానీ ఇంత ఆలోచించినవాళ్ళు వెళ్ళేముందు ఆవిడకి ఒక్క ఫోన్ చెయ్యాల్సింది. ఫోటోల్లో చూసి తెలుసుకోవడం ఎవరికైనా కష్టమే. ఆవిడ భర్త కదండీ.

శానోజే సత్యం

నేనూ అదే అంటాను. నా అభ్యంతరం నాకుంది, అయినా ఆ ఒక్క ఫోన్ చేసి ఉంటే ఇవాళ ఈ చర్చ ఉండేది కాదు.

తెనాలి కోడలు

నిజమే, చెయ్యలేదు. వద్దంటారని చెయ్యలేదు.

నిన్న రాత్రి ఆవిడే ఫోన్ చేశారు. నాతో కాదు, అమ్మాయితో మాట్లాడతానన్నారు. ఆ ఉత్తరంలో ఏం రాశావో చదవమన్నారు. మా అమ్మాయి "కాలిపోయింది కదా నానమ్మా, అది తాతయ్యకి" అంది. కాసేపు అటునుంచి ఏమీ వినపడలేదు. తర్వాత "అచ్చుతప్పులు లేకుండా రాశావా?" అని అడిగారు. రెండున్నాయంది.

వరంగల్ పోరడు

అక్కా, వచ్చే యేడు నేను పోదామనుకుంటున్న. గా కాళ్ళకు వెనిగర్ ఎన్ని డబ్బాలు కావాలె?

తెనాలి కోడలు

తెల్ల వెనిగర్ ఒక్క గ్యాలన్ చాలు తమ్ముడూ. ఆర్‌వీ అద్దెకి తీసుకుంటే తిరిగిచ్చేటప్పుడు దుమ్ము కడిగినందుకు ఎంత వసూలు చేస్తారో ముందే కాగితం మీద రాయించుకో. మేం రాయించుకోలేదు.